ఆప్తవాక్యంగా తుపాను హెచ్చరిక

రేపు రాత్రికి సముద్రం ఊరి మీదికి రావచ్చునని, ఇళ్లు విడిచి మెరక ప్రాంతాలకు పోవాలని ప్రభుత్వం ప్రజలకు చెప్పినప్పుడు ఆ మాట ఏ కోవకు చెందిన జ్ఞానం, వినేవాడు దాన్ని ఏ ఆధారంతో నమ్మాలి, చెప్పినవాడు విన్నవాడికి ఏమి బాకీ పడతాడు అనే ప్రశ్నలు పైకి పాలనా వ్యవహారాలుగా కనిపించినా మూలంలో తత్త్వ విచారానికి చెందినవి. అల ఇంకా రాలేదు గనుక దాన్ని ఎవరూ చూడలేదు. ఎవరూ చూడనిదాన్ని చెప్పి, ఆ మాట మీద లక్షల మందిని కదిలించే అధికారం రాజ్యానికి ఎక్కడి నుంచి వస్తుంది? భారతదేశంలో ఈ బాధ్యతలో పెద్ద భాగాన్ని 2006లో ఏర్పడిన భూ విజ్ఞాన మంత్రిత్వ శాఖ వహిస్తున్నది. 1875లో మొదలైన భారత వాతావరణ విభాగం గాలినీ వాననూ, 1999లో హైదరాబాదులో నెలకొన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, సముద్రాన్నీ గమనిస్తుంటాయి. నదుల వరద అంచనా పనిని మరొక శాఖ కింద ఉన్న కేంద్ర జల సంఘం చూస్తుంది. పడవలను ఎప్పుడు ఆపాలి, జలాశయాల గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఏ గ్రామాలను ఎప్పుడు ఖాళీ చేయించాలి అనే నిర్ణయాలకు వీటి గణనలే ఆధారం. ఈ యంత్రాంగాన్ని సాంకేతిక విజయంగా కొనియాడే రచనలు చాలానే వచ్చాయి గాని, అది ఎలాంటి ప్రమాణం అన్న విచారణ అరుదు. ఆ విచారణకు కావలసిన పరికరాలు భారతీయ న్యాయదర్శనంలో ఆశ్చర్యం కలిగించేంత సిద్ధంగా ఉన్నాయి.

ప్రమాణం అంటే యథార్థ జ్ఞానానికి సాధనం. గౌతముని న్యాయసూత్రాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించాయి. వీటిలో అనుమానం అంటే వాడుక భాషలోని సందేహం కాదు. కనిపించే గుర్తు ఆధారంగా కనిపించని విషయాన్ని నిర్ణయించడం. సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ అనుమానానికి ఇచ్చిన మొదటి ఉదాహరణలు వానకూ వరదకూ సంబంధించినవే కావడం గమనార్హం. మబ్బులు కమ్ముకోవడం చూసి వాన పడబోతున్నదని తెలుసుకోవడం కారణం నుంచి కార్యానికి వెళ్లే అనుమానం. నది నిండుగా, వేగంగా పారడం చూసి ఎగువన వాన పడిందని తెలుసుకోవడం కార్యం నుంచి కారణానికి వెళ్లే అనుమానం.

అంతకన్నా విలువైనది ఈ ఉదాహరణ మీద పూర్వపక్షి, అంటే ఆక్షేపించేవాడు, లేవదీసిన అభ్యంతరం. దిగువన అడ్డు పడినా నది నిండుతుంది. వాన రాకకు గుర్తులుగా చెప్పే మరి రెండింటి సంగతీ అంతే: పుట్ట చెదిరినా చీమలు గుడ్లు మోసుకుపోతాయి. మనిషి అనుకరించినా నెమలి కూత వినిపిస్తుంది. కాబట్టి ఈ గుర్తులను నమ్మి వానను నిర్ణయించడం ప్రమాణమే కాదని అతని వాదం. దీనికి సిద్ధాంతి, అంటే న్యాయమతాన్ని నిలబెట్టేవాడు, ఇచ్చిన జవాబు అనుమానాన్ని వదిలిపెట్టడం కాదు, గుర్తును మరింత నిశితంగా చూడడం. నీరు పెరగడం ఒక్కటే గుర్తుగా తీసుకున్నవాడు పొరపడతాడు. ప్రవాహ వేగాన్ని, నురగను, కొట్టుకొచ్చే పండ్లను, ఆకులను, కట్టెలను కూడా చూసినవాడు ఎగువ వాన వల్ల వచ్చిన వరదకూ అడ్డు వల్ల నిలిచిన నీటికీ తేడా పట్టుకోగలడు. పొరపాటు జరిగితే అది అనుమానించిన మనిషిదే గాని అనుమానం అనే సాధనానిది కాదని భాష్యకారుడు నిర్ద్వంద్వంగా తేల్చాడు.

ఈ పాత చర్చ భద్రాచలం కరకట్ట మీద ఇప్పటికీ నడుస్తున్నదంటే అతిశయోక్తి కాదు. అక్కడ గోదావరి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ అవుతాయి. 1986 ఆగస్టులో మట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. నీళ్లు మెట్లెక్కేదాకా వేచి చూడడం ప్రత్యక్షం. ప్రాణహిత, ఇంద్రావతి పరీవాహక ప్రాంతాల్లో కురిసిన వానను కొలిచి, ఎగువ కేంద్రాల్లో మట్టాన్ని గంట గంటకూ చదివి, ఆ నీరు భద్రాచలానికి ఎప్పుడు ఎంత ఎత్తున వస్తుందో చెప్పడం అనుమానం. అయితే భద్రాచలానికి దిగువన కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. శబరి కూడా పొంగిన రోజున గోదావరి నీరు ముందుకు కదలలేక వెనక్కి ఎగదన్నుతుంది. పోలవరం నిర్మాణం వల్ల ఈ ఎగపోటు ఎంత పెరుగుతుందన్నది 2022 వరద తరువాత రెండు తెలుగు రాష్ట్రాల మధ్య వివాదంగా మారింది. మట్టం పెరగడానికి ఎగువ వాన ఎంత కారణం, దిగువ అడ్డు ఎంత కారణం అన్నది న్యాయసూత్రాల్లోని పూర్వపక్షి అడిగిన ప్రశ్నే. దాన్ని తేల్చడానికి కావలసింది రాజకీయ ప్రకటనలు కాదు. నురగకూ కొట్టుకొచ్చే కట్టెలకూ సమానమైన నేటి గుర్తులు, అంటే ప్రవాహ వేగం, నీటి పరిమాణం, నది అడుగు కొలతలు. ఆ కొలతలు ఇరువైపులా బహిరంగంగా ఉన్నప్పుడే వివాదం వాదంగా, అంటే సత్యం తెలుసుకోవడానికి జరిపే చర్చగా, మారగలదు. లేకపోతే అది న్యాయశాస్త్రం జల్పమని పేరుపెట్టిన, గెలుపు కోసమే సాగే వాగ్యుద్ధంగా మిగులుతుంది.

సముద్రం విషయంలో ఈ నిశితత్వం ఇంకా కఠిన పరీక్షకు నిలవాలి. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రగర్భంలో భూకంపం వచ్చిన తరువాత సునామీ అలలు భారత ప్రధాన భూభాగపు తూర్పు తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో తీరవాసులకు ఒక్క మాట చెప్పే ఏర్పాటు దేశంలో లేదు. ఆ లోటును పూరించడానికే 2007లో ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం వెలిసింది. 2012 ఏప్రిల్ 11న అదే ప్రాంతంలో 8.6 తీవ్రతతో మళ్లీ భూకంపం వచ్చింది. తీవ్రత ఒక్కటే గుర్తయితే తీరమంతా ఖాళీ చేయించవలసిందే. కాని ఆ భూకంపంలో భూఫలకపు భాగాలు ప్రధానంగా పక్కకు జరిగాయి. సముద్రపు అడుగు పైకి లేచి నీటిని ఎత్తలేదు. సముద్రం అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు, తీరాల్లోని అలల మాపకాలు కూడా పెద్ద అల పుట్టలేదనే చూపాయి. ఒకే రకంగా కనిపించే రెండు కార్యాల వెనుక కారణాలు వేరని గుర్తించగల ఈ వివేకమే శాస్త్రాన్ని జోస్యం నుంచి వేరు చేస్తుంది. జోస్యానికి తాను ఏ పరిస్థితిలో పొరపడుతుందో చెప్పే భాష లేదు, అనుమానానికి ఉంది.

ఇంతవరకు శాస్త్రజ్ఞుడి పక్షం. నాగాయలంకలో వల బాగుచేసుకునే మత్స్యకారుడికి ఈ గణన ఏదీ కనిపించదు. అతనికి అందేది ఒక మాట. కాబట్టి శాస్త్రజ్ఞుడికి అనుమానంగా ఉన్న జ్ఞానం అతని దగ్గరికి వచ్చేసరికి నాలుగవ ప్రమాణమైన శబ్దంగా మారుతుంది. ఆప్తుడి ఉపదేశమే శబ్ద ప్రమాణమని న్యాయ మతం. ఆప్తుడు అంటే ఇక్కడ నమ్మదగిన వక్త అని అర్థం. వేద ప్రామాణ్యాన్ని చర్చించే సందర్భంలో వాత్స్యాయనుడు ఆప్తుడికి మూడు లక్షణాలు నిర్ణయించాడు: విషయాన్ని స్వయంగా సాక్షాత్కరించుకుని ఉండడం, ప్రాణుల పట్ల దయ, ఉన్నదున్నట్టుగా తెలియజెప్పాలనే కోరిక. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం సమానమేనని కూడా ఆయన చెప్పాడు. పుట్టుకనూ పదవినీ పక్కన పెట్టి జ్ఞానాన్నీ దయనూ సత్యసంధతనూ మాత్రమే కొలతగా పెట్టిన ఈ నిర్వచనం, శాస్త్రవిభాగాలను నడిపే ఆధునిక రాజ్యాన్ని కొలవడానికి ఎంతో తగినది. రాజ్యం ఆప్తుడనిపించుకోవాలంటే ఈ మూడూ ఉండాలి. ఏ ఒక్కటి లోపించినా మాట ప్రమాణం కాకుండా పోతుంది.

మొదటి లక్షణం సంపాదించడం ధనంతోనూ శ్రమతోనూ అయ్యే పని. ఉపగ్రహాలు, రాడార్లు, సముద్రంలో తేలే బోయాలు రాజ్యానికి ఇంద్రియాలవంటివి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ కూడా దెబ్బతిన్నది. అయినా తీరం దాటే ప్రాంతాన్ని కొన్ని రోజుల ముందే చెప్పగలగడం వల్ల జనం తరలింపు అప్పటికే జరిగింది.

రెండవ లక్షణమైన దయ దగ్గర చరిత్ర బాధాకరమైన పాఠం చెబుతుంది. 1864 కలకత్తా తుపాను, 1866, 1871 సంవత్సరాల్లో వానలు విఫలం కావడం, వీటి తరువాత 1875లో బ్రిటిష్ ప్రభుత్వం వాతావరణ విభాగాన్ని స్థాపించింది. మరుసటి సంవత్సరమే మొదలైన 1876–78 కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఎండగట్టింది. జనం ఆకలితో రాలిపోతుండగా స్వేచ్ఛా వాణిజ్య సూత్రం పేరుతో ధాన్యం ఎగుమతి సాగిపోయింది. ఆ కరువు ఒత్తిడి మీదనే విభాగపు తొలి అధిపతి బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచుకూ రుతుపవనానికీ గల సంబంధాన్ని పరిశీలించి వానాకాలపు అంచనాలు మొదలుపెట్టాడు. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీది వాయుపీడనం ఊయలలా మారుతుండడాన్ని కనిపెట్టి ప్రపంచ విజ్ఞానానికే మేలు చేశాడు. వారి విద్వత్తును తక్కువ చేయవలసిన పనిలేదు. అయినా ఆకలిని ముందే తెలుసుకోగల రాజ్యం ఆకలిని తీర్చాలని అనుకోకపోతే ఆ తెలివి శిస్తు లెక్కలకు ఉపయోగపడుతుందే తప్ప ప్రజలకు ఆప్తవాక్యం కాదు. వాత్స్యాయనుడు దయను నీతిశాస్త్రానికి వదిలేయకుండా జ్ఞానప్రామాణ్యంలోనే ఎందుకు చేర్చాడో ఈ ఉదంతం తేటతెల్లం చేస్తుంది: విన్నవాడి మేలు కోరనివాడు ఏది చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పకుండా దాచాలో తన అవసరాన్ని బట్టి నిర్ణయించుకుంటాడు.

మూడవది ఉన్నదున్నట్టు చెప్పాలనే కోరిక. భవిష్యత్తును గురించి చెప్పేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పడం అంటే తెలియనిదాన్ని కూడా తెలియనంత మేరకు చెప్పడమే. 2002లో నైరుతి రుతుపవనం దీర్ఘకాలిక సగటులో 101 శాతం వాన ఇస్తుందని అధికారిక అంచనా వెలువడింది. కురిసింది 81 శాతం. నమ్మి విత్తినవాడు నష్టపోయాడు. ఆ వైఫల్యం తరువాత విభాగం తన గణన పద్ధతులను మార్చుకున్నది. కాలక్రమంలో ఒకే అంకె చెప్పడంతో ఆగకుండా సాధారణ వానకు ఎంత అవకాశం, తక్కువ వానకు ఎంత అవకాశం అని వేర్వేరుగా ప్రకటించే పద్ధతి స్థిరపడింది. తుపాను దారిని సన్నని గీతగా కాక ముందుకు పోయే కొద్దీ వెడల్పయ్యే శంకువుగా చూపడం కూడా ఇటువంటి నిజాయితీయే. సంశయాన్ని న్యాయదర్శనం లోపంగా కాక పదహారు పదార్థాల్లో ఒకటిగా, విచారణకు మొదటి మెట్టుగా లెక్కించింది. ఇటలీలోని లాక్విలాలో 2009 భూకంపానికి ముందు జరిగిన నిపుణుల సమావేశం నేపథ్యంలో ప్రజలకు అందిన ధీమా మాటల మీద ఆరుగురు శాస్త్రజ్ఞులకూ ఒక అధికారికీ 2012లో శిక్ష పడింది. 2014లో పై న్యాయస్థానం శాస్త్రజ్ఞులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. భూకంపం వచ్చే రోజును ఎవరూ చెప్పలేరు, చెప్పలేకపోవడం నేరమూ కాదు. జనాన్ని ఊరడించాలనే తొందరలో సంశయాన్ని మింగేయడం మాత్రం ఆప్తధర్మానికి దూరమైన పనే.

ఇక్కడ మరింత క్లిష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. జ్ఞానం యథార్థమైనదని తెలిసేది దాన్ని నమ్మి చేసిన పని ఫలించినప్పుడేనని నైయాయికుల సిద్ధాంతం. దీన్ని పరతఃప్రామాణ్యం అంటారు, అంటే జ్ఞానపు సత్యత బయటి పరీక్ష వల్ల నిశ్చయమవుతుందని. దూరాన కనిపించినవి నీళ్లా ఎండమావులా అన్నది దాహం తీరితే తెలుస్తుంది. ఉప్పెన హెచ్చరికకు ఈ పరీక్ష పెట్టడం ఎలా? నమ్మకుండా ఉండి పరీక్షించినవాడు బతకడు. నమ్మి వెళ్లినవాడికి తుపాను పక్కకు తిరిగితే హెచ్చరిక అబద్ధమనిపిస్తుంది. ఈ చిక్కుకు న్యాయమతంలోనే పరిష్కారం ఉంది. ఫలితం ఈ లోకంలో కనిపించే మాటలను దృష్టార్థాలు, కనిపించని మాటలను అదృష్టార్థాలు అని విభజించి, ఆయుర్వేదం వంటి దృష్టార్థ విషయాల్లో నిజమని తేలిన ఆప్తుల మాటను అదృష్టార్థాల్లోనూ నమ్మవచ్చునని వాత్స్యాయనుడు వాదించాడు. వేదానికి ఈ వాదం సరిపోతుందా అన్నది మీమాంసకులు నైయాయికులతో తేల్చుకోవలసిన విషయం. తీరప్రాంతానికి మాత్రం అది అతికినట్టు సరిపోతుంది.

ఇన్‌కాయిస్ మత్స్యకారులకు చేపలు దొరికే చోట్ల సూచనలు ఇస్తుంది. ఉపగ్రహాలు సముద్రపు పైపొర వేడిమినీ, సూక్ష్మ వృక్షజాలం వల్ల నీటికి వచ్చే పచ్చదనాన్నీ కొలుస్తాయి. వెచ్చని నీరూ చల్లని నీరూ కలిసే హద్దుల్లో మేత ఎక్కువ, చేపలూ అక్కడే చేరతాయి. ఏ రేవు నుంచి ఏ దిక్కుగా, ఎంత దూరంలో, ఎంత లోతున వల వేయాలో తెలుగులో రాసి పంపిన ఆ సూచనను పట్టుకుని వేటకు వెళ్లినవాడు సాయంత్రానికి దాని నిజానిజాలు తన పడవలోనే లెక్కపెట్టుకుంటాడు. ఇది దృష్టార్థం. అల ఎత్తు, గాలి వేగం రోజూ ఎంత చెప్పారో ఎంత వచ్చిందో కూడా అతనికి ప్రత్యక్షమే. ఇలా వందల రోజులు పరీక్షకు నిలిచిన గొంతు ఒక రాత్రి ఉప్పెన వస్తుందని చెబితే, జన్మలో ఒకసారైనా చూడని ఆ విషయంలో కూడా అతను దాన్ని నమ్మడానికి హేతువు ఏర్పడుతుంది. చిన్న సేవలను ఖర్చు కింద లెక్కగట్టి తగ్గించుకుని, విపత్తు రోజున మాత్రమే మాట్లాడే ప్రభుత్వం తన మాటకు ఉన్న ఏకైక ఆధారాన్ని తానే తెంపుకుంటుంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ ఆధారం లేనప్పుడు ఏమి జరుగుతుందో చూపింది. బంగాళాఖాతంలో తుపాను ఉన్నదని తెలియక కాదు. తెలిసినది లంకగ్రామాల గడపదాకా చేరలేదు, చేరిన చోట దాని అర్థం తెలియలేదు. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ప్రాంతాల్లో తాటిచెట్టును పట్టుకోగలిగినవాడు బతికాడు. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవారు పదివేలకు దగ్గర. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుపాను అదే తీరాన్ని తాకినప్పుడు పెద్ద ఎత్తున జరిగిన తరలింపు వల్ల మరణాలు వెయ్యి లోపు ఆగాయి. ఒడిశాలో 1999 మహాతుపానుకూ 2013 ఫైలిన్‌కూ మధ్య తేడా అంతకన్నా పెద్దది: మొదటిదాంట్లో దాదాపు పదివేల మంది, రెండవదాంట్లో కొన్ని పదుల మంది చనిపోయారు.

ఈ అంకెలు దైవానికీ పౌరుషానికీ మధ్య నడిచే పాత వివాదాన్ని కొత్త చోట నిలబెడతాయి. మనుషుల చేతిలో లేనిదాన్ని దైవమన్నారు, ప్రయత్నంతో సాధించగలదాన్ని పౌరుషమన్నారు. యోగవాసిష్ఠం పౌరుషం వైపు గట్టిగా మొగ్గింది, భారతం రెండింటినీ తూచుతూ పోయింది. ఈ రెండింటి మధ్య సరిహద్దు శాశ్వతం కాదని, తెలివి పెరిగే కొద్దీ జరుగుతుందని ఆ గ్రంథాల మీద గౌరవంతోనే చెప్పవలసి ఉంది. తుపాను పుట్టడం నేటికీ దైవాధీనమే. హెచ్చరిక సాధ్యమైన తరువాత హెచ్చరిక అందక పోయిన ప్రాణాన్ని దైవం పద్దులో రాయడం మాత్రం అధర్మం. కాలం రాజును నడుపుతుందా, రాజు కాలాన్ని నడుపుతాడా అన్న సందేహానికి భీష్ముడు శాంతిపర్వంలో రెండో పక్షాన నిలిచి, మంచి కాలానికీ చెడు కాలానికీ రాజునే బాధ్యుణ్ణి చేశాడు. కౌటిల్యుడు దీన్ని ఆచరణలోకి దింపాడు: కోష్ఠాగారం దగ్గర మూర వెడల్పు మూతిగల పాత్ర పెట్టి వానను కొలవమన్నాడు, బోధన్‌గా చాలామంది గుర్తించే పోదనం రాజధానిగా ఉన్న అశ్మక దేశానికి పదమూడున్నర ద్రోణాల వాన లెక్కచెప్పి, దాన్ని బట్టి విత్తనం నిర్ణయించమన్నాడు, వానాకాలంలో ఏటి ఒడ్డు గ్రామాలు ముంపు నేల విడిచి ఉండాలని, మునిగిపోయేవాణ్ణి కాపాడడానికి పోనివాడికి, పడవ లేనివాణ్ణి మినహాయించి, జరిమానా వేయాలని విధించాడు.

తుపాను హెచ్చరిక విషయంలో రాజ్యం చాలావరకు ఆప్తుడయిందని ఒప్పుకోవడం న్యాయం. మెల్లగా వచ్చే ప్రమాదాల విషయంలో ఆ మాట అనడం కష్టం. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ తీరాన్ని సముద్రం ఏళ్ల తరబడి కోసుకుపోతున్నది. ఇళ్లు, గుళ్లు, రోడ్డు నీటిపాలయ్యాయి, అడ్డుగా వేసిన జియోట్యూబుల గోడ కూడా దెబ్బతిన్నది. హోప్ ఐలండ్ ఇసుక దిబ్బ పెరుగుతూ అలల దిశను మార్చడం, ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడం వంటి కారణాలను అధ్యయనాలు చర్చించాయి. తీరరేఖ పటాలు ప్రభుత్వ సంస్థల దగ్గర ఉన్నాయి. ఇక్కడ వినవలసినవాడు ప్రజ కాదు, పాలకుడు. న్యాయశాస్త్రం వక్తకు లక్షణాలు చెప్పిందే గాని, ఆప్తవాక్యం విని కదలని శ్రోతకు ఏమి దోషమో చెప్పలేదు. పైగా తీరం వెనక్కి పోతుందన్నంతవరకే పటం చెప్పగలదు. ఆ కుటుంబాలను ఎక్కడికి మార్చాలి, మార్చిన చోటు నుంచి తెల్లవారుజామున పడవ నీటిలోకి దించడం సాధ్యమా, ఏ ఒడ్డున ఇసుక పడవను పట్టుకుంటుంది, ఏ ఒడ్డున విడిచిపెడుతుంది అనే విషయాల్లో స్వయంగా చూసినవారు ఉప్పాడ మత్స్యకారులే. వాత్స్యాయనుడి కొలతను నిజంగా ఒప్పుకుంటే ఆ విషయాల్లో వారే ఆప్తులు, పునరావాసపు పటం గీసే ముందు అధికారులు కూర్చుని వినవలసిన మాట వారిది.